మసీదులో ఒక గొంతు, ఇంట్లో ఒక గొంతు

కడప నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వయసు 36. టూ వీలర్ మెకానిక్ షాపు నడుపుతున్నారు. భార్య, తొమ్మిదేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ పాప. ఐదు పూటలా నమాజు తప్పరు. మూడేళ్ళ కిందట జమాత్‌తో, అంటే ధర్మప్రచార బృందంతో వెళ్ళి నలభై రోజుల చిల్లా గడిపి వచ్చారు. అప్పటి నుంచి మొహల్లాలో మంచి పేరు. ఈమధ్య మసీదు కమిటీ సదర్ సాబ్, అంటే అధ్యక్షుడు పిలిచి, "మన పిల్లలు చెయ్యి దాటిపోతున్నారు, రాత్రి పన్నెండు వరకు బైకుల మీద తిరుగుతున్నారు, ఆదివారం రాత్రి ఇషా నమాజు తర్వాత అఖ్లాఖ్ మీద, మంచి నడత మీద నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నారు. పెద్దవాళ్ళు తనను గుర్తించారన్న సంతోషంతో ఇంటికొచ్చి చెబితే, భార్య అన్నం వడ్డిస్తూ తల ఎత్తకుండానే అడిగింది: "కోపం గురించి కూడా మీరే చెప్తారా?"

ఆ రాత్రి నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. ఉత్తరంలో ఏదీ దాచుకోలేదు. కూర చల్లారిందని పళ్ళెం గోడకు విసిరారు. లెక్కల్లో మార్కులు తగ్గాయని స్కేలు విరిగేలా బల్ల మీద బాది, పిల్లవాడి మీదికి చెయ్యెత్తారు. భార్య రాయచోటిలో ఉన్న తల్లితో మాట్లాడుతుంటే ఫోన్ లాక్కుని మంచం మీదికి విసిరారు. మూడూ రాత్రి షాపు మూసి ఇంటికొచ్చిన అరగంటలోపు జరిగినవే. "ఇంట్లో ఎవరినీ కొట్టలేదు. కానీ నా బండి శబ్దం వినగానే బాబు పుస్తకాలు తీసుకుని మిద్దె ఎక్కేస్తున్నాడు" అని రాశారు. తన తండ్రి కువైట్ నుంచి రెండేళ్ళకోసారి వచ్చేవాడనీ, ఉన్నన్నాళ్ళూ ఇల్లు గడగడలాడేదనీ, ఆ కోపమే తనకూ వచ్చిందనీ అంటున్నారు. షాపులో మాత్రం తాను వేరే మనిషినని రాశారు. ఒక లీడరు మనిషి బండి బాగు చేయించుకుని డబ్బులివ్వకుండా వెళ్తుంటే నవ్వుతూ సలాం చెప్పి పంపారట. అక్కడ పనిచేసే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అప్పుడప్పుడూ నెత్తిన ఒకటి వేస్తారు, "పని నేర్పేటప్పుడు అది మామూలే" అన్నారు.

చివర్లో రెండే రెండు లైన్లలో ఇంకో సంగతి. 2018లో షాపు పెట్టేటప్పుడు ప్రొద్దుటూరులో ఉన్న ఆపా, అంటే వాళ్ళక్క, తన నాలుగు తులాల గాజులు తీసి ఇచ్చింది. అమ్మితే లక్షా పదివేలు వచ్చాయి. "మళ్ళీ చేయించి ఇస్తా ఆపా" అన్నారు, ఇంకా ఇవ్వలేదు. నిరుడు ఆమె కూతురికి సంబంధాలు చూస్తూ ఒకసారి అడిగింది. "ఇన్షాఅల్లాహ్, చూద్దాం" అన్నారు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆయన అడుగుతున్నవి ఇవి: క్లాసు ఒప్పుకోవాలా, వద్దా? ఒప్పుకుంటే మొదటి రోజే అందరి ముందూ "నేనిలాంటివాణ్ణి" అని చెప్పేసుకోవాలా? లోపలొకటి, బయటొకటిగా బతుకుతున్న నేను మునాఫిక్‌నా, అంటే కపటినా? ఈ వయసులో గుణం మారుతుందా?

తమ్ముడూ, అస్సలాము అలైకుమ్.

ముందు మీ భయం సంగతి చూద్దాం. మాట్లాడితే అబద్ధం, మాటిస్తే తప్పడం, నమ్మి అప్పగిస్తే ద్రోహం. కపటికి ఈ మూడు గుర్తులని ప్రవక్త (స) చెప్పిన హదీసు మీరు మసీదు బయాన్లలో (ప్రసంగాల్లో) చాలాసార్లు విని ఉంటారు, అందుకే గుండె ఝల్లుమంది. ఆ భయం చెడ్డది కాదు. సహాబాల (ప్రవక్త సహచరుల) తర్వాతి తరంవారైన ఇబ్న్ అబీ ములైకా, తాను ముప్పై మంది సహాబాలను కలిశాననీ, తమలో కపటం ఉందేమోనని వాళ్ళంతా భయపడేవారేననీ అన్న మాట బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. అంతటివాళ్ళకే ఆ భయం ఉంటే మనకు ఉండటంలో వింతేముంది? అయితే మీరు రాత్రంతా పక్క మీద దొర్లినంత మాత్రాన ఆపా చేతికి గాజులు రావు, బాబు మిద్దె దిగి రాడు. మీ మీద మీరు ఏ ముద్రా వేసుకోకండి. ఆ తీర్పు అల్లాహ్‌ది. ఎవరికి ఏం బాకీ పడ్డామో కూర్చుని లెక్క చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

మీ ఉత్తరంలో నేను చాలాసేపు ఆగిపోయిన చోటు ఆ లీడరు మనిషి దగ్గర. కష్టపడి పనిచేశారు, సామాను మీ డబ్బుతో వేశారు, ఆయన పైసా ఇవ్వకుండా బండెక్కాడు. ఆ క్షణంలో మీకు కోపం రాలేదంటే నేను నమ్మను. వచ్చింది, మింగేశారు, పైగా నవ్వారు. చల్లారిన కూర దగ్గరికి వచ్చేసరికి మాత్రం మింగలేకపోయారు. రెండు కోపాల్లో ఏది పెద్దదో మీకే తెలుసు.

అంటే మీ కోపం మీ మాట వింటుంది తమ్ముడూ. ఎవరి ముందు చూపిస్తే మనకు నష్టమో అక్కడ కిక్కురుమనదు. తిరిగి ఒక మాట అనలేనివాళ్ళు, మనల్ని వదిలి ఎక్కడికీ పోలేనివాళ్ళు ఎదురుగా ఉంటే మాత్రం దానికి కాళ్ళూ చేతులూ వస్తాయి. అబ్బా నుంచి వచ్చిందన్నారు. చిన్నప్పుడు చూసింది మనసులో నాటుకుంటుంది, కాదనను. కువైట్ ఎండల్లో రెండేళ్ళు ఒంటరిగా పడి ఉండి వచ్చిన మనిషికి ఇల్లంటే ఎలా ఉండాలో కూడా మరిచిపోయి ఉంటుంది, ఆయన మీద నాకు జాలే ఉంది. కానీ రక్తంలో వచ్చిన కోపమైతే లీడరు మనిషి ముందు కూడా వచ్చి ఉండేది కదా?

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. గుణం ఈ వయసులో మారుతుందా అని అడిగారే, దానికి జవాబు ఇందులోనే ఉంది. ఓర్పు మీకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. పొద్దున షాపు తీసింది మొదలు మూసేదాకా మీరు వాడుతున్నది ఓర్పే. దాన్ని బలమున్నవాళ్ళకూ డబ్బున్నవాళ్ళకూ ఇచ్చి, మీ మీద ఆధారపడినవాళ్ళకు మిగల్చకుండా ఇంటికొస్తున్నారు. మన మగవాళ్ళలో చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. నలుగురిలో మన నడతే మన అఖ్లాఖ్ అనుకుంటాం. ప్రవక్త (స) మాత్రం "మీలో ఉత్తముడు తన ఇంటివారి పట్ల ఉత్తముడు" అన్నారు. ఇంట్లో ఆయన ఏం చేసేవారని ఎవరో అడిగితే, ఇంటి పనుల్లో ఉండేవారు, నమాజు వేళకు లేచి వెళ్ళేవారు అని చెప్పారు ఆయన భార్య హజ్రత్ ఆయిషా (రజి). ఏ స్త్రీనీ, ఏ సేవకుడినీ ఆయన ఎన్నడూ చేత్తో కొట్టలేదని చెప్పింది కూడా ఆవిడే. ఒక మనిషి గుణానికి ఇంట్లో ఉన్న భార్య మాటను మించిన సాక్ష్యం ఏముంటుంది? మీ ఇంట్లోనూ ఆ సాక్ష్యం వచ్చింది. అన్నం వడ్డిస్తూ వచ్చింది. దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకోకుండా నిద్ర మానుకుని ఆలోచించారు చూడండి, అందుకే మీకు ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. కోపం గురించి నాలుగు పేజీలు రాశారు, గాజుల గురించి రెండు లైన్లు. నాకు గాజులే పెద్ద విషయంగా కనబడ్డాయి.

ఆపా ఇచ్చింది లక్షా పదివేలు కాదు, నాలుగు తులాల బంగారం. మీరు ఇచ్చిన మాట కూడా "చేయించి ఇస్తా" అనే. అప్పుడు తులం ముప్పై వేల దగ్గర ఉండేది, ఇప్పుడు లక్ష దాటి చాలాదూరం వెళ్ళింది. బంగారం అప్పు తీసుకుంటే అదే మచ్చు, అదే తూకం బంగారం తిరిగివ్వాలన్నది ధర్మ పండితులైన ఉలమాలు సాధారణంగా చెప్పే మాట. ఇద్దరూ ఇష్టపడి డబ్బుగా తీర్చుకుంటే ఇచ్చే రోజు ధర కడతారు. మీ కేసులో పూర్తి వివరాలు ధర్మ తీర్పు చెప్పే ఒక ముఫ్తీ సాబ్ ముందు పెట్టి అడగండి. ఇచ్చేటప్పుడు మీ ఇద్దరి మధ్య ఏ మాట నడిచిందో ఉన్నదున్నట్టు చెప్పండి, మీకు అనుకూలంగా ఉన్నంత వరకే చెప్పకండి.

ఆపా మళ్ళీ అడగలేదు కాబట్టి వదిలేసిందేమో అన్న ఆశ మీకు లోలోపల ఉన్నట్టుంది. మన వైపు ఆడపడుచులు పుట్టింటిని ఎంత మొహమాటపడి అడుగుతారో మీకు తెలియంది కాదు. ఆ ఒక్కసారి అడగడానికే ఆమె ఎన్నాళ్ళు మథనపడి ఉంటుందో. కూతురి పెళ్ళికి మెడలోకి, చేతుల్లోకి ఏం పెట్టాలని లెక్కలు వేసుకుంటూ, ఆ గాజులు ఉండి ఉంటే అని అనుకోకుండా ఉంటుందా? తమ్ముడు నొచ్చుకుంటాడని నోరు మూసుకున్న మనిషి మౌనాన్ని మాఫీ కింద రాసుకోకూడదు.

ఇక్కడ మీ ముందు రెండు మూడు దారులున్నాయి. మొదటిది, నాలుగు తులాలూ ఒక్కసారిగా ఇచ్చేయడం. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే వడ్డీకి తెచ్చి ఇవ్వకండి, ఒక గుంత పూడ్చడానికి ఇంకో గుంత తవ్వినట్టవుతుంది. రెండోది, ప్రొద్దుటూరు వెళ్ళి ఆపా ముందు కూర్చుని, బావగారు కూడా ఉన్నప్పుడు, "ఇది నా బాకీ, ఇన్ని గ్రాములు, ఇన్ని నెలల్లో తీరుస్తా" అని కాగితం మీద రాసి ఇవ్వడం. అప్పును రాసుకోమని చెప్పిన ఆయత్, అంటే వాక్యం (2:282) ఖుర్‌ఆన్ మొత్తంలోకీ పెద్దది. సొంతవాళ్ళ మధ్య కాగితమేంటి అనుకుంటాం గానీ, కాగితం ఉంటే ఆమె ఇక నోరు తెరిచి అడగనక్కర్లేదు. నెలకు ఒకటో రెండో గ్రాములు హాల్‌మార్క్ ఉన్నది కొని, కొన్నది కొన్నట్టే ఆమె చేతికిచ్చేయండి. మీ బీరువాలో పోగేయకండి, షాపుకు సామాను కావాల్సి వస్తే చెయ్యి దాని మీదికే పోతుంది. తరుగు, మజూరీ ఎవరు భరించాలన్నది కూడా అప్పుడే మాట్లాడేసుకోండి.

మూడోది, ఎంతో కొంత డబ్బుకు ఆమెను ఒప్పించడం. ఇది మీకు సులువు, అందుకే నాకు దిగులు. మీరు వెళ్ళి కష్టాలు చెప్పుకుంటే ఆమె "ఫర్వాలేదురా, ఎంతుంటే అంత ఇవ్వు" అంటుంది. నోటితో అంటుంది. మనస్ఫూర్తిగా వదిలిందా, తమ్ముడి ముఖం చూసి వదిలిందా అన్నది మీకెప్పటికీ తెలియదు. ఆ దారిలో వెళ్ళేటట్టయితే ముందు ఈరోజు ధరకు బాకీ ఎంతో మీరే పూర్తిగా లెక్కచెప్పి, ఆలోచించుకోవడానికి ఆమెకు కొన్నాళ్ళు టైమిచ్చి, ఆ తర్వాత ఆమె చెప్పిన మాట తీసుకోండి.

అప్పు సంగతి ఎంత పెద్దదంటే, బాకీ తీర్చకుండా చనిపోయిన ఒక వ్యక్తి జనాజా (అంత్యక్రియల) నమాజుకు ప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ అప్పు నాది అని సహచరుడు అబూ ఖతాదా (రజి) తలకెత్తుకున్నాకే చదివించారు. చిల్లాకు వెళ్ళొచ్చిన మీకు ఈ సంఘటన నేను చెప్పాల్సిన పని లేదు.

2009 అక్టోబరులో కర్నూలును వరద ముంచినప్పుడు పాతబస్తీలో మా వీధి దర్జీ షాపు నీళ్ళపాలైంది. రంజాన్ పండగ వెళ్ళి పది రోజులు, పెళ్ళిళ్ళ బట్టలు ఉన్నాయి. నీళ్ళు తీశాక చూస్తే తానులన్నీ బురద ముద్దలు. దైవికంగా వచ్చిన నష్టానికి ఆయన కట్టాల్సింది ఏమీ లేదు, షరీయత్ ప్రకారం కూడా ఎవరూ అడగలేరు, అడగలేదు కూడా. ఆయన మాత్రం తడిసిన కొలతల పుస్తకాన్ని ఎండలో పేజీ పేజీ విడదీసి ఆరబెట్టి, చదవడానికి వీలైన పేర్లన్నీ ఇంకో నోటుబుక్కులో ఎక్కించుకుని, బట్టకింత అని ఒక్కొక్కరికీ ఇస్తూ పోయాడు. కొందరు తీసుకోలేదు, బలవంతం చేశాడు. నేనాయన ఏ మసీదులోనూ బయాన్ చేయగా వినలేదు. మా వీధి పిల్లలకు అమానత్ అంటే, నమ్మి అప్పగించినదాన్ని నిలబెట్టుకోవడమంటే ఏమిటో ఆ నోటుబుక్కు చూసే తెలిసింది. ఇవ్వక్కర్లేనిది ఇచ్చినవాడు ఆయన. మీరు ఇవ్వాల్సిందే ఇస్తున్నారు, అంతకన్నా తేలిక.

బాకీల మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను, ఉత్తరంలో రాయలేదు. మీ భార్య మెహర్, అంటే నిఖా అప్పుడు ఆమెకిస్తానని ఒప్పుకున్న సొమ్ము చెల్లించారా? మన దగ్గర నిఖానామాలో అంకె రాసి మరిచిపోతారు, చివరికి జనాజా పక్కన ఆ ఇల్లాలిని నిలబెట్టి "మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. ఏడుస్తున్న మనిషి ఏమంటుంది? మెహర్‌ను సంతోషంగా ఇవ్వమని సూరా నిసాలో (4:4) బతికున్న మగవాడికే చెప్పారు. ఇవ్వకపోయి ఉంటే ఆపా గాజులతో పాటు అదీ లెక్కలో రాసుకోండి.

ఇప్పుడు కోపం. "ఎవరినీ కొట్టలేదు" అన్న మాట దగ్గర సరిపెట్టుకోకండి. పళ్ళెం గోడకు తగిలిన చప్పుడు ఆ పిల్లలకు ఒంటి మీద దెబ్బలాగే వినిపిస్తుంది. 2005 గృహహింస చట్టం ప్రకారం చెయ్యి పడకపోయినా బెదిరించడం, అవమానించడం హింస కిందికే వస్తాయి. మీ భార్యకు సాయం కావాలనుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది, ఆమెకు ఆ సంగతి తెలిసి ఉండటం మీ ఇంటికి చెరుపు కాదు. రాయచోటిలో తల్లి దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తానంటే పంపండి, దానికి ఇంకో గలాటా చేయకండి. పెద్దలను కూర్చోబెడదామంటే అటొకరిని, ఇటొకరిని పెట్టుకోమని ఖుర్‌ఆనే (4:35) చెప్పింది, పరువు పోయిందనుకోకండి.

మూడు సంఘటనలూ ఇంటికొచ్చిన అరగంటలో జరిగాయని మీరే రాశారు, అది గమనించారో లేదో. మధ్యాహ్నం ఎప్పుడో తిని, పొద్దంతా నవ్వి నవ్వి, చేతులకు గ్రీజుతో, కడుపులో ఆకలితో గడప తొక్కుతున్నారు. ఆ అరగంటను సరిచేసుకుంటే చాలావరకు గండం గట్టెక్కినట్టే. సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత షాపులోనే ఏదైనా తినండి. ఇషా నమాజు అయ్యాక వెంటనే బండెక్కకుండా కాసేపు మసీదు వరండాలో కూర్చోండి. ఇంటికొచ్చి స్నానం చేసి, ఆ రోజు మార్కులు, ఫీజులు, ఫోన్లు ఏవీ అడగకండి, తెల్లారి ఫజర్ తర్వాత అడగండి. నేను రాకముందే కూర వేడి చేసి పెట్టు అని భార్యకు కొత్త రూలు మాత్రం పెట్టొద్దు. సరిచేసుకోవాల్సింది మీరు కాబట్టి మార్పులన్నీ మీ వైపు నుంచే ఉండాలి.

అయినా కోపం వస్తుంది. నిలబడి ఉంటే కూర్చోమన్నారు ప్రవక్త (స), అప్పటికీ తగ్గకపోతే పడుకోమన్నారు. ఎంత పనికొచ్చే మాటో చూడండి. కూర్చున్నవాడు పళ్ళెం విసరాలన్నా, చెయ్యెత్తాలన్నా మళ్ళీ లేవాలి, ఆ లేచే లోపల ఒక క్షణం దొరుకుతుంది. గొంతు తగ్గించమని ఖుర్‌ఆన్‌లో లుఖ్మాన్ అనే జ్ఞాని తన కొడుక్కి చెప్పిన మాట (31:19) మీకు నోటికి వచ్చే ఉంటుంది, దాన్ని ఆ క్షణంలో వాడుకోండి. ఇవన్నీ నిజాయితీగా చేస్తూ కూడా నెలరోజుల్లో తేడా కనబడకపోతే, లేదా నిద్ర లేకపోవడం ఇలాగే కొనసాగితే డాక్టరును కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ కౌన్సెలర్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మందు కోసం వెళ్తే ఈమాన్, అంటే విశ్వాసం తగ్గదు.

బాబుతో మాట్లాడే బాధ్యత మీదే, వాళ్ళమ్మతో కబురు పంపకండి. "నేను అరిచింది తప్పు, నీ మార్కులకూ దానికీ సంబంధం లేదు" అని వాడి పక్కన కూర్చుని చెప్పండి. వెంటనే ఒళ్ళోకి వచ్చేస్తాడని ఆశపడొద్దు. కొన్నాళ్ళు ఇంకా మిద్దె ఎక్కుతూనే ఉంటాడు. ఎక్కనివ్వండి, "చెప్పాను కదా, ఇంకా భయమెందుకు" అని మళ్ళీ దానికి కేకలేయకండి.

షాపు కుర్రాడి విషయంలో "మామూలే" అన్న మాటను నేను ఒప్పుకోను. మీకూ మీ ఉస్తాదు అలాగే నేర్పి ఉంటాడు, మెకానిక్ షెడ్లలో అదొక ఆచారమైపోయింది. హజ్రత్ అనస్ (రజి) చిన్నప్పటి నుంచి పదేళ్ళు ప్రవక్త (స) దగ్గర పనిచేశారు. ఆ పదేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారీ "ఉఫ్" అనలేదు, ఇదెందుకు చేశావనీ, అదెందుకు చేయలేదనీ అనలేదు అని చెప్పుకున్నారు. మీ కుర్రాడు రేపు సొంత షాపు పెట్టుకుని మీ గురించి ఏం చెప్పుకుంటాడు? తప్పు పానా పట్టుకుంటే చేతిలోంచి తీసి సరైనది పెట్టండి, అంతే చాలు. పోయినవాటికి అతన్ని కూడా మాఫీ అడగండి. ప్రళయదినాన నమాజులూ రోజాలూ తెచ్చిన ఒకడు, ఒకర్ని తిట్టి, ఒకర్ని కొట్టి, ఒకరి సొమ్ము తిన్నందుకు తన పుణ్యాలన్నీ వాళ్ళకు పంచి ఖాళీ చేతులతో మిగులుతాడని సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. వాణ్ణే నిజమైన దివాలాకోరు అన్నారు ప్రవక్త (స). ఇల్లాలు, కుర్రాడు, ఆపా, ఈ ముగ్గురూ మీ వాకిట్లోనే ఉన్నారు. బతికుండగా తీర్చుకునే వీలుంది.

అందరి ముందు చెప్పేసుకోవాలా అని అడిగారు. వద్దు. అల్లాహ్ కప్పి ఉంచిన తప్పును మనమే విప్పి చాటుకోవద్దని హదీసు హెచ్చరించింది. పైగా మీరు మైకు పట్టుకుని పశ్చాత్తాపపడితే "ఎంత నిజాయితీపరుడు" అని మీకు ఇంకొంచెం పేరు వస్తుంది, మీ భార్య మాత్రం రేపు వీధిలో నలుగురి చూపులు భరించాలి. మాఫీ ఎవరికి బాకీనో వాళ్ళనే అడగాలి, అదీ నాలుగు గోడల మధ్య.

ఇక క్లాసు. ఇప్పుడే ఒప్పుకోవచ్చు, తప్పేమీ కాదు, నేర్పుతూ నేర్చుకునేవాళ్ళు ఉంటారు. కానీ ఆ ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాళ్ళలో మీ షాపు కుర్రాడు కూడా ఉండొచ్చు. శనివారం నెత్తిన పడిన దెబ్బ గుర్తున్నవాడు ఆదివారం మీ నోట సహనం గురించి వింటే, దీన్ (ధర్మం) అంటే మాటలేనన్నమాట అని ఆ వయసులోనే తీర్మానించుకుంటాడు. ఆ నష్టం పూడ్చడం కష్టం. పూర్తిగా కాదనేసి ఊరుకోవచ్చు కూడా. అప్పుడు మీకు టెన్షన్ పోతుంది, దాంతో పాటు మారాలన్న తొందరా పోతుందేమో, మొహల్లాకు ఒక పనికొచ్చే మనిషీ తగ్గుతాడు. మధ్యదారి ఒకటి ఉంది, నా మొగ్గు దానివైపే. సదర్ సాబ్‌ను కొన్ని నెలలు వాయిదా అడగండి. "నా ఇంట్లో, షాపులో సరిచేసుకోవాల్సినవి ఉన్నాయి, అవి అయ్యాక వస్తా" అంటే చాలు, ఏమిటేమిటని ఆయన తరచి అడగరు. ఈలోగా చెప్పేవాళ్ళను ఇంకొకరిని పెట్టుకుంటే మీరు చాపలు పరిచి, వెనక కూర్చుని వినండి.

ఊరికే వినడమే కాదు, ఆ పిల్లలకు మీరు చేయగలిగింది ఇంకోటుంది. వాళ్ళు రాత్రి పన్నెండు వరకు బైకుల మీద తిరుగుతున్నారని కదా కమిటీ బాధ. బైకు మీ విద్య. ఆదివారం పొద్దున షాపుకు రమ్మనండి, సైలెన్సర్ మార్చి వీధి అదిరేలా చప్పుడు చేస్తూ తిరిగితే పక్కింట్లో గుండెజబ్బు మనిషి ఎలా ఉలిక్కిపడతాడో పని చేస్తూ చెప్పండి, కంపెనీ సైలెన్సర్ మళ్ళీ వాళ్ళ చేతే బిగించనివ్వండి. వీధి చివర నిలబడి ఆడపిల్లల్ని చూస్తుంటే, చూపు దించుకోమన్న ఆజ్ఞ సూరా నూర్‌లో ఆడవాళ్ళకంటే ముందు మగవాళ్ళకే (24:30) వచ్చిందని గుర్తుచేయండి. బురఖా గురించి గంటలు మాట్లాడే మన కుర్రాళ్ళలో ఎందరికి ఆ వరుస తెలుసు? కస్టమర్‌కు సాయంత్రం ఆరింటికి బండి ఇస్తానంటే ఆరింటికి ఇచ్చి చూపించండి, అవ్వదనుకుంటే పొద్దునే అవ్వదని చెప్పండి. రేపు రేపు అనడం మన మెకానిక్‌లకూ దర్జీలకూ పేరే అయిపోయింది, ఇన్షాఅల్లాహ్ అని అల్లాహ్ పేరు అడ్డం పెట్టి మరీ వాయిదా వేస్తాం. ఆపా విషయంలో జరిగింది కూడా అదే.

ఎప్పుడు సిద్ధమైనట్టు అని మీరే తేల్చుకోకండి. మీ భార్యను అడగండి. ఆమె "ఇంకా లేదు" అంటే ఇంకొన్నాళ్ళు ఆగండి, ఎందుకని వాదించకండి. సదర్ సాబ్‌కు మాత్రం ఈ శుక్రవారం జుమా అయ్యాక చెప్పేయండి, ఆదివారానికి ఆయన వేరే ఏర్పాటు చూసుకోవాలి కదా. ప్రొద్దుటూరుకు పక్క వారం వెళ్తామనుకోకుండా, అదే రోజు సాయంత్రం ఆపాకు ఫోన్ చేసి ఏ రోజు వస్తున్నారో తారీఖు చెప్పేయండి.